ఈల పడేదాకా

"నిచ్చెన మంచంలో ఎక్కాలట!"

ఫోను పెట్టేసి ఇల్లాలు చేసిన ఈ ప్రకటన విని, మంచంలో ఉన్న క్రేనాయన ఉలిక్కిపడ్డాడు. ఆయన కుడికాలికి మోకాలి దాకా పిండికట్టు ఉంది. కాలు నేలకి ఆనకూడదని ఆసుపత్రివారి ఆజ్ఞ. మంచం మీంచి బాత్రూం దాకా వెళ్లడమే ఒక దండయాత్రగా ఉన్న రోజులవి.

"మంచంలో నిచ్చెనేంటే? మంచం విరగాలా, నేను ఇంకోసారి విరగాలా?"

"నన్నడిగితే నేనేం చెప్పను? ఆ ఆసుపత్రి ఫిజియో అమ్మాయే చెప్పింది. పొద్దున్నే మంచంలో నిచ్చెనెక్కితే కాలు సత్తువ తగ్గదట."

మళ్లీ ఫోన్ చేసి స్పీకరు పెడితే తేలిందేమిటంటే, ఆ అమ్మాయి అన్నది 'మనసులో' అని. ఇల్లాలిని తప్పుపట్టడానికి లేదు. మొగుడు మంచమెక్కిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో మంచం మాటే తప్ప మనసు మాట ఎత్తినవాళ్లు లేరు.

"కదలని కాలికి కండ కరిగిపోతుందండీ," అంది ఫిజియో అమ్మాయి. "కానీ కదులుతున్నట్టు గట్టిగా ఊహించుకున్నారనుకోండి, మెదడు నిజంగానే కండకి కబురు పంపిస్తుంది. కండ మొత్తంగా నిద్రపోదు. మీరు రోజూ చేసే పనే ఊహించుకోండి. చప్పుళ్లు, వాసనలు, గాలి, అన్నీ ఉండాలి. మొదలుపెడితే మాత్రం సగంలో ఆపకూడదు, కళ్లు తెరవకూడదు."

"నేను రోజూ చేసేది క్రేనెక్కడమమ్మా."

"అయితే అదే ఎక్కండి."

హాల్లో వాలుకుర్చీలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "పడుకున్నచోటే క్రేనెక్కెయ్యొచ్చంటే ఇంక మనిషికి కాళ్లెందుకూ, చెప్పులు కొనుక్కోడానికా?"

ఆ మాట అనడానికి ఆవిడకే హక్కుంది. బాత్రూంలో ఒకసారి జారిపడ్డ నాటినుంచి ఆవిడ ఆ కుర్చీ దిగలేదు. ఎముకలన్నీ భేషుగ్గా ఉన్నాయని డాక్టర్లు చెప్పారు. "ఎముకలు మీవా, నావా?" అని ఆవిడ వాళ్లనే అడిగింది. కూతురు చెయ్యి ఆసరా ఇస్తే తప్ప లేవదు. ఆ ఇంట్లో పడ్డవాళ్లు ఇద్దరు. ఒకరికి కాలు విరిగింది, ఒకరికి ధైర్యం విరిగింది. కట్టు మాత్రం ఒకరికే వేశారు.

క్రేనాయన ఎలా పడ్డాడో చెప్పాలంటే ఆయనకే సిగ్గు. మేడలు కట్టే చోట, మేఘాలకి దువ్వెన పెట్టేంత ఎత్తున ఉండే టవర్ క్రేన్ నడపడం ఆయన ఉద్యోగం. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో మొదలుపెట్టి, నెరిసేదాకా ఏనాడూ కాలు జారలేదు. అలాంటివాడు ఇంట్లో బల్బు మార్చడానికి ప్లాస్టిక్ స్టూలెక్కి పడ్డాడు. వెలుగు కోసం ఎక్కితే చుక్కలు కనిపించాయి.

నవ్వులాటకేం గానీ, దాని వెనక ఒక గుండెకోత ఉంది. కట్టు విప్పేముందు కంపెనీ డాక్టరు వచ్చి చూస్తాడు. తొడ కండ కరిగిపోయిందన్నా, మనిషి మునుపటిలా లేడన్నా, క్రేను ఇంకొకరికిచ్చేసి ఈయన్ని గేటు దగ్గర కూర్చోబెడతారు. వచ్చేపోయేవాళ్ల నెత్తిన టోపీ పెట్టి లోపలికి పంపే పని. ఆకాశం నుంచి గేటుకి పడటం ముందు స్టూలు మీంచి పడటం ఒక పడటమా? క్రేనాయన కాస్తా గేటాయన అయిపోతాడు.

అందుకని ఆయన మనసులో క్రేనెక్కడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. ఒక్కటే చిక్కొచ్చింది. క్రేను మీదవాడు ఈల లేకుండా వేలు కూడా కదపడు. రేడియోల్లో మాట గాలికి ముక్కలైపోతుందని ఆ సైట్‌లో మొదట్నుంచీ ఈలలతోనే పని. రెండు పొట్టి ఈలలు పడితే ఎక్కాలి. మూడు పొడుగు ఈలలు పడితేనే దిగాలి. ఏ క్రేన్‌కి ఆ క్రేన్ ఈల ఉంటుంది. పక్క క్రేన్ ఈలకి దిగినవాడు మనిషే కాదు.

ఈ పాఠం చెప్పినవాడు పెద్దాపరేటరు. ఆ క్రేను మీద ఈయనకంటే ముందు కూర్చున్నవాడు. "ఒరేయ్, ప్రాణం పోతున్నా సరే, ఈల పడ్డాకే పోనీ," అనేవాడు. బూట్ల మడమలకి ఇనప లాడాలు కొట్టించుకున్నాడు. ఆయన ఎక్కుతుంటే నిచ్చెన ఠంగుఠంగున మోగి కింద అందరికీ తెలిసేది. ఆఖరికి ఆయన రిటైరయిన రోజున, ఈల వెయ్యాల్సిన మనిషి దండ తేవడానికి పరిగెత్తి ఈల మాట మరిచిపోయాడు. కింద అందరూ చప్పట్లు కొడుతుంటే పెద్దాయన ఈల లేకుండానే, జన్మలో మొదటిసారి, దిగివచ్చాడు. వారం తిరక్కుండా ఇంట్లో నిద్దట్లోనే పోయాడు. 'దిగింది ఒళ్లు మాత్రమే, మనిషి ఇంకా పైనే ఈల కోసం చూస్తున్నాడు' అని సైట్‌లో ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు.

ఆ రోజు ఈల మరిచిపోయినవాడు ఇప్పటికీ అక్కడే ఈల వేస్తున్నాడు. అందరూ ఈలబాబు అంటారు. అతనే వచ్చి తన ఇత్తడి ఈలని ఇల్లాలి చేతిలో పెట్టాడు.

"నా పెళ్లాన్ని కూడా ముట్టుకోనివ్వను వదినా దీన్ని. రెండు పొట్టివి, మూడు పొడుగువి. ఎక్కించడం మర్చిపోయినా పర్లేదు, దింపడం మర్చిపోకు."

"నాకు చెప్తావేంటయ్యా? రోజూ కుక్కరు దింపేదాన్ని."

అలా మొదలైంది. రోజూ పొద్దున్న ఇల్లాలు మంచం పక్కన నిలబడి పీ, పీ అని రెండు ఊదేది. క్రేనాయన కళ్లు మూసుకునేవాడు. మొదట్లో కనురెప్పల వెనక చీకటి తప్ప ఏమీ లేదు. తర్వాత మెల్లగా చేతికి ఇనుము చల్లగా తగిలింది. గ్రీజు వాసన వచ్చింది. తర్వాత గాలి. కింద సిమెంటు కలిపే యంత్రం గుర్రుమంటూ చిన్నదైపోయేది. ఆయన వేలైనా కదపకుండా పడుకునే ఉండేవాడు, చొక్కా మాత్రం చెమటకి తడిసిపోయేది. ఎక్కడం పూర్తయ్యేసరికి గుండె దడదడలాడేది. మూడు ఈలలు పడ్డాక దిగివచ్చి కళ్లు తెరిస్తే, తొడ నిజంగానే పట్టేసి ఉండేది.

"అబద్ధం ఎక్కుడికి నిజం నొప్పేంటే?" అని ఆశ్చర్యపోయేవాడు.

"మీరు బల్బు మార్చేటప్పుడు కూడా ఇంత మనసు పెట్టి ఉంటే బాగుండేది," అనేది ఇల్లాలు.

అంతవరకూ బాగానే ఉంది. ఒక రోజు, నిచ్చెన సగంలో ఉండగా, తన కిందినుంచి ఇంకెవరో ఎక్కుతున్న చప్పుడు వినిపించింది.

ఆగాడు. ఆ చప్పుడూ ఆగింది. మళ్లీ ఎక్కాడు. అదీ కదిలింది. మెల్లగా, ఈడ్చుకుంటూ వచ్చే అడుగు. తన ఊహలో తాను పెట్టుకోని అడుగు. ఊహ తనదైనప్పుడు అందులోకి ఇంకొకరు ఎలా వస్తారు? అడగడానికి అక్కడ ఎవరూ లేరు. ఉన్న ఒక్కరూ కింద ఉన్నారు. ఆయన తల వంచి చూడలేదు.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడు ఇంకాస్త దగ్గరగా వచ్చింది. ఇల్లాలికి చెబితే భయపడుతుందని ఈలబాబుకి ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నా వెనక ఎవరో ఎక్కుతున్నార్రా."

ఈలబాబు గొంతు తగ్గించాడు. "వెనక్కి చూశావా అన్నా?"

"లేదు."

"చూడకు. బూట్ల చప్పుడా? ఠంగుమంటోందా?"

"కాదు. ఈడుస్తున్నట్టుంది."

"హమ్మయ్య! అయితే పెద్దాయన కాదులే."

"మరెవర్రా?"

"అది మాత్రం నన్నడక్కన్నా. నాకు పెళ్లాం పిల్లలున్నారు."

ఆ ధైర్యవచనాలతోనే ఇంకొన్నాళ్లు గడిచాయి. కంపెనీ డాక్టరు వచ్చే రోజు ఇంకా దూరంలో ఉందనగా, ఒక పొద్దున ఇల్లాలు కుక్కరు స్టవ్వు మీద పెట్టి, ఈల మెళ్లో వేసుకుని, రెండు ఊది ఆయన్ని ఎక్కించింది. ఆయన కేబిన్‌లోకి చేరి తలుపేసుకుని కూర్చున్నాడో లేదో, కింద ఫోను మోగింది. అంత ఎత్తున ఆ మోత దోమ పాటలా వినిపించింది.

"ఇవాళేనా? వచ్చే వారం అన్నారు కదండీ! ఎక్స్‌రేనా? అది ఇంకా సెంటర్లోనే ఉందండీ... ఇప్పుడే తెచ్చేస్తా!"

తర్వాత తలుపు చప్పుడైంది. ఎదురింటి పిన్నిగారిని పిలుస్తున్న గొంతు. "పిన్నిగారూ, కాస్త మా ఇల్లు చూస్తూ ఉండండి! మూడు ఈలలు రాగానే దింపెయ్యండి, మరిచిపోకండేం!"

చెప్పులు మెట్లు దిగి వెళ్లిపోయాయి. వాటితోపాటే, ఆవిడ మెడలో ఊగుతూ, ఇత్తడి ఈల కూడా వీధి దాటి వెళ్లిపోయింది.

పైన క్రేనాయన ఎదురుచూశాడు. గాలి లేచింది. కేబిన్ కొంచెం ఊగింది. ఈల లేదు. నెమ్మదిగా ఆయనకి దిగులు పట్టింది. దిగలేనివాడికి దిగులు కాక ఇంకేముంటుంది?

'ఇది ఊహే కదా, కళ్లు తెరిస్తే సరి' అనుకున్నాడు. రెప్పలకి చెప్పాడు. రెప్పలు వినలేదు. వేళ్లకి చెప్పాడు. వేళ్లు లివర్ని పట్టుకునే ఉన్నాయి. అప్పుడు ఆయన వీపంతా చల్లబడింది. ఇన్నేళ్లూ ఈల లేకుండా దిగకూడదని ఒంటికి నేర్పిందెవరు? తనే. ఒళ్లు చక్కగా నేర్చుకుంది. ఇప్పుడు తను చెప్పినా వినడం లేదు. తన ఒళ్లు తన మాట కంటే తన అలవాటుకే ఎక్కువ విధేయంగా ఉందని, పాపం, ఆకాశంలో తెలిసింది.

అంతలో కింద పొడుగ్గా ఒక ఈల.

ఆయన కాలు కదిలింది! రెండో ఈల. చెయ్యి కేబిన్ తలుపు మీద పడింది. అది తన ఈల కాదని, వంటింటి కుక్కరని తెలుసు. కానీ కొట్టుకుపోయేవాడు గడ్డిపోచ గోత్రం అడుగుతాడా? మూడోది పడితే దిగిపోదామని ఊపిరి బిగబట్టాడు.

టక్‌మని స్టవ్వు ఆరిన చప్పుడు. "మూడెందుకూ దండగ," అని పిన్నిగారి గొంతు తనలో తను అంటోంది. "మా ఇంట్లో రెండింటికే మెత్తగా అయిపోతుంది."

చెయ్యి మళ్లీ లివర్ మీదికి వెళ్లిపోయింది.

అప్పుడు మొదలైంది, నిచ్చెన మీద ఆ అడుగు. ఇదివరకటిలా సగంలో ఆగలేదు. ఈడ్చుకుంటూ, ఆయాసపడుతూ, పైకి వస్తూనే ఉంది. ఆగితే ఊపిరి వినిపిస్తోంది. ముసలి ఊపిరి. కేబిన్ తలుపు దాకా వచ్చింది. తలుపు తెరుచుకోలేదు గానీ, లోపలికి ఒక చల్లటి చెయ్యి వచ్చి ఆయన కాలి బొటనవేలు పట్టుకుంది.

"ఈల ఎప్పుడు?" అంది.

క్రేనాయన ప్రాణభయంతో పెట్టిన కేక, కిందికి వచ్చేసరికి ఒక మూలుగైంది.

ఆ మూలుగు విని గరిటెతో సహా పరిగెత్తుకొచ్చిన పిన్నిగారికి గదిలో కనిపించింది ఇది: అల్లుడు మంచం మీద కొయ్యలా బిగుసుకుపోయి, ఏరులై చెమటలు కారుస్తున్నాడు. ఆయన కాళ్ల దగ్గర, ఏళ్ల తరబడి కుర్చీ దిగని అత్తగారు, ఒంటరిగా, నిటారుగా నిలబడి ఉంది. పిన్నిగారు చూస్తుండగానే ఆవిడ చూపు ఎటో పెట్టి గిరుక్కున తిరిగి, ఈడ్చుకుంటూ హాల్లోకి నడిచింది. హాలు చుట్టి, వంటింటి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి. ఆగడం లేదు.

"వదినగారూ! మీరేనా?"

పెదవులు బిగించి, నడక.

పిన్నిగారు అల్లుడి వైపు చూసింది. అత్తగారి వైపు చూసింది. ఇక్కడ కదలిక పోయింది, అక్కడ కదలిక వచ్చింది. కూడికలు తీసివేతలు వచ్చినవాళ్లు ఎవరైనా కట్టే లెక్కే ఆవిడా కట్టింది.

"అమ్మో! అల్లుడి ప్రాణం అత్తలో దూరింది!"

సరిగ్గా ఆ కేకకి సమాధానంగా కాలింగ్ బెల్లు మోగింది. గుమ్మంలో చేతిలో నల్ల బ్యాగుతో కంపెనీ డాక్టరు, ఆయనకి దారి చూపించడానికి వచ్చిన ఈలబాబు.

"క్రేన్ ఆపరేటరు ఇల్లు ఇదేనా?" అన్నాడు డాక్టరు.

"ఇదేనండీ. కానీ ఆయన ఏ ఒంట్లో ఉన్నాడో మీరే తేల్చాలి," అంది పిన్నిగారు గరిటెతో అటూ ఇటూ చూపిస్తూ.

డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి నాడి పట్టుకున్నాడు. "పడుకున్న మనిషికి పరుగెత్తే నాడి," అన్నాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. పైన క్రేనాయనకి కేబిన్ అద్దంలో, మబ్బంత పెద్దదిగా ఒక కన్ను కనిపించింది.

హాల్లో ఈలబాబు పరిస్థితి ఇంకో రకం. అత్తగారు నడుస్తూ నడుస్తూ అతని ముందుకొచ్చి, ఎగశ్వాసతో, నిలదీసినట్టు అడిగింది. "నువ్వేనా ఈల మనిషివి? ఈల ఎప్పుడురా?"

ఈలబాబు మొహంలో నెత్తురు చుక్క మిగల్లేదు. ఆ మాట కోసం అతను ఏళ్లుగా భయపడుతూనే ఉన్నాడు. అత్తగారి రూపంలో వస్తుందని మాత్రం అనుకోలేదు. "పెద్దాయనా!" అని ఆవిడ కాళ్ల మీద పడబోయాడు. కాళ్లు ఒకచోట ఉంటేగా? "తప్పైపోయింది పెద్దాయనా! దండ కోసం వెళ్లాను! చామంతులా బంతులా అని బేరమాడుతూ నిలబడిపోయాను!"

"ఈవిడ అల్లుడే అంటుంటే మధ్యలో పెద్దాయనెవరయ్యా?" అని పిన్నిగారు కసురుకుంది. "ఒక మనిషిలో ఎంతమంది దూరతారు? ఇదేమైనా బస్సా?"

డాక్టరు సుత్తి తీసి క్రేనాయన అరికాలి మీద గీశాడు. మోకాలి మీద కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. అన్నీ ఆయనకి తెలుస్తూనే ఉన్నాయి. పైన కేబిన్‌కి వడగళ్లు తగులుతున్నట్టుంది, అంతే.

"విషయం అర్థమైంది," అన్నాడు డాక్టరు, కుర్చీ లాక్కుని కాగితం తీస్తూ. "కాలు సంగతి తర్వాత. మనిషే లేడు. ఇతన్ని క్రేను ఎక్కించడం కాదు, ముందు మంచం దింపాలి. గేటు ఆఫీసుకే రాస్తాను."

గేటు! ఆ మాట పై దాకా వినిపించింది. క్రేనాయన కళ్లముందు, టోపీల దొంతర వెనక కూర్చుని మెడ నొప్పెట్టేలా తన క్రేన్‌ని తను చూసుకుంటున్న ఒక ముసలివాడు కనిపించాడు. అడుగుల చప్పుడుకంటే, చల్లటి చేతికంటే, అద్దంలో కన్నుకంటే, ఆ ముసలివాణ్ణి చూస్తేనే ఎక్కువ భయమేసింది. మూసిన రెప్పల కిందనుంచి ఒక నీటిబొట్టు జారింది.

"కన్నీరు!" అన్నాడు ఈలబాబు గుమ్మం అవతలనుంచే. అప్పటికి అతని బుర్రలో దీపం వెలిగింది. "డాక్టరుగారూ, రాయకండి! అన్న ఇక్కడ లేడు, క్రేను మీద ఉన్నాడు! ఈల పడలేదు, అందుకే దిగలేదు!"

డాక్టరు కలం ఆపి, ఇంట్లో ఇంకెంతమందికి ఉందిది అన్నట్టు చూశాడు.

"ఈల వేస్తాను చూడండి," అని ఈలబాబు రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదాడు. భయానికి నాలుక పీచైపోయింది. 'ఫూ' అంది. మళ్లీ ఊదాడు. 'ఫుస్' అంది. జీవితాంతం ఈలతో బతికినవాడికి, ఈల వెయ్యాల్సిన వేళకి ఈల వేసే వీలే లేకపోయింది. అప్పటికీ పిన్నిగారు సాయానికొచ్చింది. "ఉండు, స్టవ్వు మళ్లీ వెలిగిస్తాను. ఆ కుక్కరైనా అరుస్తుంది."

స్టవ్వు వెలిగించేలోపే వీధి తలుపు తోసుకుని ఇల్లాలు వచ్చింది. చేతిలో ఎక్స్‌రే కవరు, ఒళ్లంతా చెమట. హాల్లో తల్లి నడుస్తోంది. గదిలో మొగుడు బిగుసుకుపోయి ఉన్నాడు. ఒకడు గాలి ఊదుతున్నాడు. ఒకావిడ గరిటెతో నిలబడింది. కొత్తాయన ఒకడు కాగితం మీద ఏదో రాయబోతున్నాడు.

"ఏమైందండీ మా ఆయనకి?"

"నీ మొగుడు మీ అమ్మలో దూరాడమ్మా," అంది పిన్నిగారు జాలిగా.

"కాదు వదినా, పెద్దాయన! మీ అమ్మగారిలో పెద్దాయన! అన్న పైన! ఈల! ఈల!"

ఇల్లాలు చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. పైట కింద ఇత్తడి ఈల వెచ్చగా తగిలింది. "అయ్యో నా మతి మండ! దింపకుండా పోయాను!" అని, కవరు డాక్టరు ఒళ్లో పడేసి, మంచం పక్కన నిలబడి, గుండెల్నిండా గాలి పీల్చి ఊదింది.

ఒకటి. రెండు. మూడు.

హాల్లో అడుగులు టక్కున ఆగాయి. "హమ్మయ్య!" అంటూ అత్తగారు వాలుకుర్చీలో దభాలున కూలబడింది.

మంచం మీద మాత్రం ఏమీ కాలేదు. అందరూ చుట్టూ మూగారు. డాక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. "లేవడేం?"

"ఉండండి, దిగొద్దూ?" అన్నాడు ఈలబాబు రహస్యంగా. "అదేమన్నా స్టూలా? టవర్ క్రేను."

పిండికట్టు చివర కాలివేళ్లు, ఒక మెట్టుకి ఒకసారి, ముడుచుకుని విచ్చుకుంటున్నాయి. కాసేపటికి ఈలబాబు, "సగం దిగాడు," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"అక్కడ చిన్న అరుగు ఉంటుందండీ. అన్న ఎప్పుడూ అక్కడ ఆగి మొహం తుడుచుకుంటాడు."

మంచం మీంచి చెయ్యి, మనిషితో సంబంధం లేనట్టు, నెమ్మదిగా లేచింది. నుదురు తుడుచుకుంది. మళ్లీ పక్కన పడింది. డాక్టరు తన కుర్చీని ఒక జానెడు వెనక్కి జరుపుకున్నాడు.

ఆఖరికి క్రేనాయన కళ్లు తెరిచాడు. అందరి మొహాలూ ఒకటొకటిగా చూసి, పిన్నిగారి దగ్గర ఆగాడు. "పిన్నిగారూ, మూడన్నాక మూడు రావాలండీ. రెండింటికే ఆపేస్తే మనిషేమైపోవాలి?"

తర్వాత అరగంట ఆ ఇంట్లో అందరూ అందరికీ అంతా చెప్పారు. ఇల్లాలు ఈల సంగతి చెప్పింది. ఈలబాబు సైట్ కట్టుబాటు చెప్పాడు. ఫిజియో అమ్మాయి ఫోన్‌లో కండ సంగతి మళ్లీ చెప్పింది. ఈసారి 'మనసులో' అని విడదీసి మరీ చెప్పింది. మిగిలింది అత్తగారు.

"నాకూ చెవులున్నాయి కదే," అంది ఆవిడ ఒడిలో చీర సర్దుకుంటూ. "రోజూ రెండు ఈలలు పడగానే నేనూ కళ్లు మూసుకుని నడిచినట్టు అనుకోవడం మొదలెట్టాను. కొన్నాళ్లకి నిజంగానే కాలు కదిలింది. లేచి, గోడ పట్టుకుని, నువ్వు ఆయన మీద కళ్లు పెట్టుకుని గదిలో ఉన్నంతసేపూ హాల్లో నడిచేదాన్ని. మూడు పడగానే కూర్చునేదాన్ని."

"మరి చెప్పవేమే అమ్మా!"

"చెబితే? మొదట వంటింట్లోకే నడిపిస్తావు." ఆవిడ కూతురి వైపు చూడలేదు. "ఇవాళ మూడు పడకపాయె. సగంలో ఆపకూడదని ఆ అమ్మాయే అందిగా? మాట్లాడితే ఆయాసం, ఆగితే పాపం. కాళ్లు పడిపోతున్నాయి, ఈల ఎప్పుడా అని అల్లుడి వేలు పట్టుకుని అడిగితే బర్రెలా మూలిగాడు."

క్రేనాయన తేలిగ్గా ఊపిరి వదిలాడు. అంటే అన్నాళ్లూ తన నిచ్చెన మీద తన వెనక ఎక్కింది అత్తగారన్నమాట. ఏ అల్లుడికైనా అది భయపడదగ్గ విషయమే గానీ, మరీ అంత భయం కాదు.

డాక్టరు మాత్రం టేపు తీసి ఆయన తొడలు రెండూ కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. ఎక్స్‌రే కిటికీ వెలుగుకి పెట్టి చూశాడు. రాయబోయి ఆపిన కాగితం నాలుగు మడతలు పెట్టి చింపేశాడు.

"ఎముక అతుక్కుంది. కండ పెద్దగా తరగలేదు. కట్టు విప్పి, నడక కుదుటపడ్డాక క్రేనెక్కొచ్చు."

"మనిషి సంగతండీ?" అన్నాడు క్రేనాయన బెరుగ్గా. "గేటన్నారు..."

"ఇల్లు కూలినా ఈల పడందే దిగనివాణ్ణి గేటు దగ్గర పెట్టుకుని ఏం చేసుకోమంటావు?" అన్నాడు డాక్టరు బ్యాగు మూస్తూ. "పై పనికి కావలసింది అదే."

ఇల్లాలు కళ్లు తుడుచుకుంది. పిన్నిగారు గరిటె కిందపెట్టింది. క్రేనాయన అత్తగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీరు నా వెనకే ఉన్నారని తెలియక హడలి చచ్చాను అత్తయ్యా."

"అసలు నేను లేచిందే నీ వల్ల నాయనా," అంది అత్తగారు, మొదటిసారి మెత్తగా. "మొదటి రోజు నేను లేద్దామా వద్దా అని ఊగిసలాడుతుంటే, నా కుర్చీ ముందునుంచి నువ్వే కదా నడిచి వెళ్లావు? కళ్లు మూసుకునే ఉన్నా, వినిపించింది. ఠంగు, ఠంగు అని. కాలు విరిగినవాడే నడుస్తుంటే నాకేం రోగమని, ఆ చప్పుడు పట్టుకుని వెనకాలే నడిచాను. రోజూ ముందు నువ్వు, వెనక నేను. ఇవాళ కూడా."

అందరి చూపూ పిండికట్టు మీదికి పోయింది. తర్వాత మంచం కింద ఉన్న మెత్తటి రబ్బరు చెప్పుల మీదికి పోయింది.

"నా బూట్లు సైట్‌లోనే ఉన్నాయత్తయ్యా," అన్నాడు క్రేనాయన మెల్లగా. "వాటికి లాడాలు లేవు."

ఈలబాబు లేచి వచ్చాడు. ఇల్లాలి మెడలోంచి ఇత్తడి ఈల తీసుకుని, చొక్కా అంచుకి తుడిచి, ఇంటి కప్పు వైపు తల ఎత్తి, మూడు పొడుగు ఈలలు ఊదాడు, ఎందుకైనా మంచిదని.